చింత నీడ మీద మోపిన నేరం

మీరు ఆఖరుసారి ఒక చెట్టును చూసింది ఎప్పుడు? ప్రదక్షిణలు చేస్తూ చూసింది లెక్కలోకి రాదు. బండి పెట్టుకోవడానికి నీడ దొరికిందని చూసిందీ లెక్కలోకి రాదు. తల వెనక్కి వాల్చి, మొదలు నుంచి చిటారు దాకా, ఏ పనీ లేకుండా చూసింది ఎప్పుడు? తడుముకుంటున్నారా? అయితే ఈ ఫాల్గుణంలో నేను వరంగల్లు పల్లెల్లో తిరిగివచ్చిన సంగతి మీరే చదవాలి.

మాది తెనాలి వైపు. మా దగ్గర వసంతం వచ్చిందో లేదో పంచాంగం చూసి తెలుసుకోవాలి. కాలవగట్టు మీద కొబ్బరి, పెరట్లో అరటి ఏడాది పొడుగునా ఒకే పచ్చగా ఉంటాయి. వరంగల్లు నేల అలా మొహమాటపడదు. ఆకులన్నీ దులిపేసి, ఎండుపుల్లలా నిలబడి, మరుసటి వారం ఒళ్ళంతా పూలతో ఎదురొస్తుంది. ఆ మార్పు కళ్ళారా చూద్దామనే బయల్దేరాను. చూడడానికి వెళ్ళినవాణ్ణి వాదులాటలో ఇరుక్కున్నాను. అది నా జాతకం అందురుగాని, నాకు జాతకాల మీద నమ్మకం లేదు.

కొత్తవాడ

నా దారికి తోడు ఓదెలు. కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. కొన్నేళ్ళ కిందట మా ఊరి ప్రదర్శనకు సరుకు తెచ్చినప్పుడు పరిచయం. ఒక జంపఖానా బేరమాడబోయి ఇద్దరం దేవుడు ఉన్నాడా లేడా అనేదాకా వెళ్ళాం. పొద్దుగూకేసరికి జంపఖానా ధర తగ్గించాడుగాని దేవుణ్ణి మాత్రం రవ్వంత కూడా తగ్గించలేదు. ఆనాటి నుంచి స్నేహితులం.

వాళ్ళ సందులో మగ్గాల చప్పుడు బస్సు హారన్లను కూడా మింగేస్తుంది. దండేల మీద రంగు అద్దిన నూలు ఆరుతోంది. నన్ను చూడగానే ఓదెలు నవ్వాడు.

"చెట్లు చూసుడు కోసమని గింత దూరం వచ్చినవా సారూ? మా దిక్కు చెట్లు చూడనీకి ఎవ్వలు రారు. కొట్టనీకి వస్తరు."

"నువ్వెందుకు వస్తున్నావు మరి?"

"నాకు మోదుగుపూలు కావాలె. మా తాత పూల రంగుతోటి నూలు అద్దేటోడట. జర నేను గూడ చూస్త, ఎట్లొస్తదో."

వాళ్ళావిడ సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు కలిపి, గిన్నె అడుగున అద్ది, బొక్కలు పెట్టి కాల్చే రొట్టె. మా దిబ్బరొట్టెకు మెత్తదనమే గొప్ప. దీనికి కరకరే గొప్ప. మా రొట్టెను పొగుడుదామని నోరు తెరిచానుగాని నోరు నిండా ఉంది కాబట్టి ఆ వాదం వాయిదా పడింది.

పరకాల దారి

ఓదెలు స్కూటరు వెనక కూర్చుని ఊరు దాటానో లేదో, మోదుగులు మొదలయ్యాయి. పొలాల గట్ల మీద, గుట్టల వాలుల్లో, ఆకు అన్నది లేకుండా నిలువెల్లా మండుతున్న చెట్లు. దగ్గరికి వెళ్ళి చూస్తే ప్రతి పువ్వూ చిలకముక్కు. కింద నల్లటి తొడిమ, పైన వంకర తిరిగిన నారింజ రేకు. గోరింకలు ఆ ముక్కుల్లో తమ ముక్కులు పెట్టి తేనె తాగుతూ, మొహమంతా పుప్పొడి పూసుకుని, ఇంకో చెట్టుకు ఎగురుతున్నాయి. పువ్వు తన ఎరుపును మన కోసం ధరించలేదు. పిట్టను పిలవడానికి ధరించింది. మధ్యలో మనం వెళ్ళి మురిసిపోతున్నాం, అంతే. పిలవని పేరంటానికి వెళ్ళినవాడికి ఆ మాత్రం వినయం ఉండాలి.

నాకు వినయం చాలలేదు. ఓదెలు సంచీ పట్టుకుని రాలిన పూలు ఏరుకుంటూంటే, కొమ్మ ఊపితే బోలెడు రాలుతాయి కదా అని ఒక కొమ్మ పట్టుకుని గట్టిగా ఊపాను. పూలు రాలాయి. వాటితోపాటు నల్లచీమలూ రాలాయి, సరిగ్గా నా చొక్కా కాలర్లోకి. నేను రోడ్డు పక్కన చొక్కా విప్పి గంతులేస్తుంటే గొర్రెలు తోలుకుపోతున్న ఒకతను ఆగి అడిగాడు.

"ఏమాయెనే ఓదెలన్నా, సారుకు పూనకమొచ్చిందా?"

"దేవుడు లేడంటాండు. చీమలు ఉన్నయని ఒప్పుకున్నడు," అన్నాడు ఓదెలు, పూలేరడం ఆపకుండానే.

పరకాల చేరేముందు ఒక రావిచెట్టు దగ్గర ఆగాం. ఎంత వయసో చెప్పలేను. నలుగురు చేతులు చాచినా కౌగిలికి రాదు. కాని దాని నడుము దాకా గ్రానైటు గద్దె కట్టారు. నాలుగు దిక్కులా సిమెంటు, పైన నున్నటి పలకలు, బెరడుకు మేకులు, మేకులకు ఫ్లెక్సీలు. పైకి చూస్తే ఒక వైపు కొమ్మలన్నీ ఎండిపోయి ఉన్నాయి. గద్దె కడుగుతున్న పెద్దాయన్ను అడిగాను, వేళ్ళకు నీళ్ళు ఎలా అందుతాయని.

"ఏం ఫికర్ లేదు సారూ. పొద్దుగాల అభిషేకం జేస్తం గదా."

"ఆ నీళ్ళు పలకల మీంచి రోడ్డు మీదికి జారిపోతున్నాయి కదండీ."

ఆయన చీపురు ఆపి రోడ్డు వైపు చూశాడు. తర్వాత ఎండిన కొమ్మల వైపు చూశాడు. "గది నిజమే," అన్నాడు మెల్లగా. ఒక్క రాయి పీకుతానని అనలేదు. నేనూ ఒత్తిడి చేయలేదు. మా వైపు వేపచెట్లకు చేస్తున్నదీ ఇదే. ప్రేమతో గొంతు నులమడం ఏ ప్రాంతానికీ ప్రత్యేకం కాదు. అయినా మరుసటి రోజు జరగబోయేది తెలిసి ఉంటే ఆ పెద్దాయన దగ్గర ఇంకో గంట కూర్చునేవాణ్ణి.

నెక్కొండ దాటాక

రెండో రోజు దక్షిణంగా తిరిగాం. నెక్కొండ దగ్గర్లోని ఒక ఊళ్ళో ఓదెలు అక్క కొమురమ్మ ఉంది. వాళ్ళది మగ్గం విడిచి సేద్యంలోకి దిగిన ఇల్లు. రాత్రికి అక్కడే ఉండాలని అనుకున్నాం.

దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. దూరం నుంచి చూస్తే మోదుగుపూలు రాలి పరుచుకున్నాయా అనిపిస్తుంది. దగ్గరికి వెళితే తుమ్ములు నిజం చెబుతాయి. రాతిగుట్టల మీద ఆకు లేని కొండగోగులు అరచేతంత పసుపుపచ్చ పూలు పట్టుకుని నిలబడ్డాయి. చెరువుకట్ట కింద ముళ్ళ తీగ మీద వాకుడు పూలు, ఊదారంగులో, చొక్కాగుండీ అంత. తొక్కితే తప్ప కనబడవు. తొక్కితే మరిచిపోలేం. నేను తొక్కాను.

కొమురమ్మ ఇల్లు తూర్పుముఖం. వాకిలికి ఆగ్నేయపు మూల, కాస్త ఎడంగా, చింతచెట్టు. నేను ఈ ప్రయాణంలో చూసిన చెట్లన్నిటిలోకీ ముసలిది. మొదలు ఒకే మానులా ఉండదు. నలుగురైదుగురు మల్లులు భుజాలు కలిపి నిలబడ్డట్టు ఉంటుంది. బెరడు చీలికల్లో చెయ్యి దూరుతుంది. సాయిలు, అంటే కొమురమ్మ భర్త, వాళ్ళ తాత పుట్టేనాటికే అది ఇంతే ఉండేదని ఊళ్ళో అంటారు. ఒకటీ అరా కొమ్మకు అప్పుడే రాగిరంగు చిగురు పడుతోంది.

ఆ చెట్టు కింద కొమురమ్మ కొయ్యసుత్తితో చింతకాయలు కొట్టి, పెంకు ఊడదీసి, గింజ తీస్తోంది. తమ్ముణ్ణి చూసి నవ్విందిగాని ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు.

"మంచిగ టైముకు వచ్చినవ్‌రా. రేపు పొద్దుగాల మిషిన్ రంపం వస్తాంది. ఆఖరిసారి చూస్కోపో."

విషయం ఇది. పోయిన వేసవిలో వాళ్ళ బర్రె చచ్చిపోయింది. తర్వాత బోరు ఎండింది. సాయిలు పట్నం నుంచి ఒక వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు. ఆయన దిక్సూచి పెట్టి, ఇల్లంతా తిరిగి, చింతచెట్టు నీడ గడప మీద పడుతోంది, దోషమంతా దానిదే అని తేల్చాడు.

"బోరు ఊరందరిది ఎండింది. ఊరందరి గడప మీద ఈ చెట్టు నీడ పడ్డదా?" అంది కొమురమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "సారూ, ఈ ఇంట్ల, ఈ చెలకల నా పేరు మీద ఏం లేదు. గీ చెట్టు పండొక్కటే నాది. నేను కొడత, నేను అమ్ముత, నేను ఖర్చు పెట్టుకుంట. పగటీలి నేను కూసునే జాగ గూడ ఇదే. ఇగ రేపటికెల్లి ఎక్కడ కూసుందు?"

కంచం ముందు

రాత్రి భోజనం జొన్నరొట్టె, చింతచిగురు పప్పు. మా వైపు చింతచిగురును రొయ్యల్లో వేసి మురిసిపోతాం. ఇక్కడ ఉత్త పప్పులోనే అంత రుచి తెచ్చారు. ఆ పప్పు తింటూ ఆ చెట్టు చావు గురించి మాట్లాడుకోవడం నాకు మింగుడుపడలేదు. సాయిలును కదిపాను. మంచి మనిషి. అతిథిని కసరలేక తలవంచుకుని అన్నాడు.

"మీరు సదువుకున్నోళ్ళు సారూ, మీకు నమ్మకం లేకపోవచ్చు. పోయింది నా బర్రె."

వాదనకు జవాబు ఉంటుంది. దుఃఖానికి ఉండదు.

చేతులు కడుక్కునే చోట ఓదెలు నన్ను పక్కకు లాగాడు. జేబులోంచి పసుపు పొట్లం, నూలు దారం తీసి చూపించాడు.

"సారూ, చప్పుడు చెయ్యకు. పొద్దుగాల లేచి చెట్టుకు ఇంత పసుపు పూసి, బొట్టు పెట్టి, దారం కడత. కలలకు పోశమ్మ వచ్చిందని చెప్త. మా బావ ముట్టుకుంటడా? రంపపోడు గూడ ఉరుకుతడు."

"అబద్ధమాడతావా?"

"చెట్టు బతుకుతది గదా!"

"ఈ ఏడు నీ కల బతికిస్తుంది. వచ్చే ఏడు ఇంకొకరి కల కొట్టిస్తుంది. నిన్న చూశావుగా రావిచెట్టును? దాన్ని కూడా భక్తితోనే బతికించారు."

"గట్లయితే నీ నిజం నిలవడాలె, మా అక్క చెట్టు పడిపోవాలె. గంతేనా?"

ఈ మాట నన్ను గట్టిగానే తాకింది. దేవుడు లేడని వాదించి ఎన్నో వేదికల మీద నెగ్గాను. ఇలాంటి ప్రశ్న ఏ వేదిక మీదా ఎవరూ వేయలేదు. "నేరం నీడ మీద మోపారు కదా, పొద్దున్నే నీడనే సాక్ష్యం అడుగుదాం," అన్నాను. ఓదెలు ఒప్పుకున్నాడుగాని పొట్లం మాత్రం మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

పొద్దు పొడుపు

రంపం మనిషి తెల్లవారుతూనే వచ్చాడు. చెట్టు మొదట్లో రంపం దించి, బీడీ ముట్టించాడు. చుట్టుపక్కల వాళ్ళు నలుగురైదుగురు పళ్ళు తోముకుంటూ చేరారు. నేను సాయిలును బతిమాలాను. "సూర్యుడు వచ్చాక నీడ మీ గడప మీద పడితే నేనే తాడు పట్టుకుని లాగుతాను. పడకపోతే ఆలోచించండి."

"ఆడనే పడ్తది సారూ. పెద్దమనిషి చెప్పిండు గదా."

"మీరు చూశారా?"

అతను గడప వైపు తిరిగాడు. ఏ గడప మీద పుట్టి పెరిగాడో ఆ గడప మీద ఏ నీడ పడుతుందో ఎప్పుడూ చూడలేదు. ఆయన్ను అనడమెందుకు, మనలో ఎందరం చూశాం?

ఎర్రటి పొద్దు మిరపకళ్ళాల వెనక నుంచి లేచింది. చింతచెట్టు నీడ పొడుగ్గా, తిన్నగా పడమటికి సాగింది. ఇంటి పక్కనుంచి పోయి పెంటకుప్ప మీద పడింది. గడప మీద ఎండ బంగారంలా కూర్చుంది. జనం గొల్లున నవ్వారు. "పెంటకుప్పకు పట్టింది దోషం!" అన్నారెవరో. నేను గర్వంతో ఓదెలు వైపు చూశాను.

అప్పుడు సాయిలు నెమ్మదిగా అన్నాడు. "ఇయ్యాల పడలే. పుష్యమాసంల గడప మీదికొస్తది. ఇప్పుడు యాదికొచ్చింది. చలికాలం పొద్దుగాల వాకిట్ల ఎండ కాగనీయదు."

నా గర్వం గాలి తీసిన ట్యూబయింది. ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి జరిగి లేస్తాడు. అప్పుడు నీడ వాయవ్యానికి తిరిగి సరిగ్గా ఆ గడప మీదికే వస్తుంది. ఒప్పుకోకుండా దాటవేయవచ్చు. అలా దాటవేస్తే సిద్ధాంతికీ నాకూ తేడా ఏముంది? "అవును, పుష్యంలో పడుతుంది," అన్నాను అందరికీ వినబడేలా. రంపం మనిషి బీడీ ఆర్పాడు. ఓదెలు చెయ్యి జేబులోకి పోయింది.

సాయిలుకు ధైర్యం వచ్చి సిద్ధాంతికి ఫోన్ కలిపాడు. అందరూ వినాలని స్పీకర్ పెట్టాడు.

"గురువుగారూ, నీడ ఇయ్యాల గడప మీద పడలే. పెంటకుప్ప మీద పడ్డది. పుష్యంల పడ్తదని నేనంటాన."

అవతలి నుంచి గంభీరమైన గొంతు వినబడింది. "సాయిలూ, మీరు చూసేది స్థూల నీడ. దోషం చేసేది సూక్ష్మ నీడ. అది పన్నెండు నెలలూ గడప మీదే ఉంటుంది. కంటికి కనబడదు."

నేను నోరు తెరిచేలోగా కొమురమ్మ ఫోన్ మీదికి వంగింది.

"అయ్యా, కంటికి కనబడని నీడ అన్నంక కంటికి కనబడని చెట్టు ఉంటది గదా? మీరే వచ్చి జర చూపెట్టండి. దాన్నే కొట్టిపిస్తం."

ఫోన్ కట్టయింది. జనం ఈసారి పళ్ళు తోముకోవడం కూడా మరిచి నవ్వారు. సాయిలు నవ్వలేదు. చేతిలో ఫోన్ను చూస్తూ, ఎవరినో బతిమాలుతున్నట్టు అడిగాడు.

"మరి నా బర్రె ఎందుకు సచ్చిందే?"

కొమురమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడింది. గొంతులో ఎకసెక్కం పోయింది.

"అది సచ్చింది రోహిణి కార్తెల. పుష్యంల పడే నీడకు రోహిణిల సస్తదా? అన్ని ఈతలు ఈ చెట్టు కిందనే ఈనింది గది. నువ్వు ముచ్చటపడి ఇంటెనక రేకుల కొట్టం ఏసినవ్. చెట్టు కిందికెల్లి ఇప్పి, తీస్కపోయి అండ్ల కట్టేసినవ్. ఆ ఎండకు రేకు మీద చెయ్యి పెడితే బొబ్బలొచ్చె. అది నీడ పడి సావలే. నీడ లేక సచ్చింది."

"ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?"

"దాని మెడ పట్టుకొని నువ్వు ఏడ్సుడు చూసిన గదా. ఏ నోటితోటి చెప్పాలె?"

నాకు అప్పుడు అర్థమైంది. ఆయన సిద్ధాంతిని పిలిచింది కారణం తెలుసుకోవడానికి కాదు. తన చేతులతో కట్టిన కొట్టం మీదికి చూపు పోకుండా ఇంకేదైనా చూపించమని పిలిచాడు. ఆ సిద్ధాంతి చెట్టును చూపించాడు. మూఢనమ్మకాన్ని తిట్టడం నాకు తెలుసు. దాని వెనక నక్కిన దుఃఖాన్ని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకురావడం ఆ ఉదయం కొమురమ్మ దగ్గర చూశాను.

సాయిలు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. చెట్టు వైపు చూశాడు, ఇంటి వెనక్కి చూశాడు. రంపం మనిషి నసిగాడు.

"నా కిరాయి సంగతేంది మరి? ఉత్తగ వాపస్ పోవాల్నా?"

"ఉత్తగ ఎందుకు పోతవ్? వచ్చినవ్ గదా. ఆ కొట్టం గుంజలు కొయ్యి!"

ఓదెలు కేక పెట్టాడు. "బావా, నువ్వు సల్లగుండాలె!"

"నువ్వు నోర్ముయ్యి బామ్మర్ది! పో, ఆ రేకులు పట్టు."

రంపం గర్రుమంది. ఒక్కో గుంజ తెగుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. రేకులు నేనూ, ఓదెలూ మోశాం. పొద్దు నడినెత్తికి రాకముందే అవి చెయ్యి కాలుస్తున్నాయి. ఓదెలు జేబులోని పసుపు మధ్యాహ్నం పప్పులోకి పోయింది.

బయల్దేరేటప్పుడు కొమురమ్మ ఇంత కొత్త చింతపండు మూటగట్టి ఇచ్చింది. చెట్టు గండం గడిచిందని సంబరపడుతుంటే ఆమె తల అడ్డంగా ఊపింది. "ఈయేడు గడిచింది సారూ. మల్లొక కష్టమొస్తది, మల్లొక పెద్దమనిషి వస్తడు. గప్పుడు నువ్వుంటవా?"

నేనుండను. తెనాలిలో ఉంటాను. అందుకే ఇది మీకు రాస్తున్నాను. మీ వీధిలోనో, పొలంగట్టు మీదో ఏదో ఒక చెట్టు మీద ఈపాటికి ఎవరో నేరం మోపే ఉంటారు. కనుక్కోండి. తెల్లవారకముందే అక్కడికి వెళ్ళండి. రంపం పట్టినవాణ్ణి వదిలేయండి, అతను కూలికి వచ్చాడు. రంపాన్ని పిలిచినవాణ్ణి వెతకండి. అతనికి ఏదైనా పోయి ఉంటే ముందు పక్కన కూర్చోండి, అతని మాట పూర్తిగా వినండి. ఆ తర్వాత, నలుగురి ముందూ, 'ఎందుకు' అని అడగండి. కంటికి కనబడే జవాబు వచ్చేదాకా ఆ చెట్టు మొదట్లోంచి లేవకండి.